ప్రొపేనా, ఆయిలా అన్నది తరువాత: ముందు ఆ పొగ ఎటు పోతుందో చెప్పండి



అమెరికాలో స్థిరపడిన మన పిల్లలు కొందరు, నలుగురైదుగురు మిత్రులు కలిసి, కొండల్లో ఒక చిన్న కొయ్య ఇల్లు కొనుక్కుంటున్నారు. దానిని అక్కడ క్యాబిన్ అంటారు. ఊరికి దూరం, చుట్టూ అడవి, కరెంటు తీగ అంతదూరం రాదు. సెలవులకు భార్యాబిడ్డలతో వెళ్లి రెండు రోజులు ఉండి వస్తారు. మా అల్లుడుగారు కూడా కొలరాడోలో తొమ్మిది వేల అడుగుల ఎత్తున అటువంటిదొకటి మిత్రులతో కలిసి కొన్నారు. గత నెల ఫోను చేసి, "మావయ్యగారూ, క్యాబిన్‌కి చిన్న హీటరు కొనాలి. ప్రొపేన్‌ది తీసుకోమంటారా, ఆయిల్‌ది తీసుకోమంటారా?" అని అడిగారు.

హీటరు గురించి వైద్యుణ్ణి అడగడమేమిటని మీకు అనిపించవచ్చు. అందుకొక కారణం ఉంది. ఆ కారణంలో నా తప్పు కూడా ఉన్నది కనుక దానిని దాచకుండా ముందే చెబుతాను.

ఆ ఉదయం నేను చేసిన తప్పు

రెండేళ్ల క్రితం డిసెంబరులో, వాళ్లింకా సొంత క్యాబిన్ కొనకముందు, మేమందరం అటువంటి ఇల్లొకటి రెండు రాత్రులకు అద్దెకు తీసుకున్నాం. గోడకు ఒక ప్రొపేన్ హీటరు బిగించి ఉంది. దానికి పొగగొట్టం లేదు. "పొగగొట్టం అక్కరలేనిది, పూర్తిగా శుభ్రంగా మండుతుంది" అని దానిమీదే రాసి ఉంది. బయట మైనస్ 15 డిగ్రీలు. కిటికీలు బిగించి, హీటరు వెలిగించి హాయిగా పడుకున్నాం.

తెల్లవారేసరికి నాకూ నా భార్యకూ తలనొప్పి. అమ్మాయికి కడుపులో వికారం. ఆరేళ్ల మనవరాలు రెండుసార్లు వాంతి చేసుకుని, పిలిస్తే బద్ధకంగా కళ్లు తెరుస్తోంది. ముప్ఫయి అయిదేళ్లు రోగులను చూసిన నేను ఏమన్నాను? "ఎత్తైన ప్రదేశం కదా, కొండల మీద కొందరికి ఇలాగే ఉంటుంది. నీళ్లు తాగి పడుకోండి" అన్నాను. వేలికి తగిలించే ఆక్సిమీటరు నా సంచిలో ఉంది. పాపకు పెట్టి చూశాను. 93 చూపించింది. ఆ ఎత్తుకు అది సహజమైన అంకె. నిశ్చింతగా కూర్చున్నాను.

అల్లుడుగారు కారు మీది మంచు తీయడానికి అప్పటికే బయటికి వెళ్లి ఉన్నారు. అరగంట తరువాత లోపలికి వచ్చి, "చిత్రంగా ఉంది మావయ్యగారూ, బయటికి వెళ్లగానే నా తలనొప్పి తగ్గిపోయింది" అన్నారు. ఆ మాట నన్ను చెంప మీద కొట్టినట్లయింది. ఎత్తు ఇంటి లోపలా బయటా ఒక్కటే. ఎత్తు వల్ల వచ్చిన తలనొప్పి గుమ్మం దాటితే తగ్గదు. తలుపులన్నీ బార్లా తెరిచి, హీటరు ఆర్పి, అందరం బయటపడి ఆసుపత్రికి బయలుదేరాం. రెండు గంటల ప్రయాణం తరువాత కూడా మనవరాలి రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హీమోగ్లోబిన్ 14 శాతం ఉన్నది. ఆ రాత్రి ఎంత ఉండి ఉంటుందో లెక్క వేసుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు. పాప కోలుకున్నది. కానీ రెండో రాత్రి కూడా మేము అక్కడే పడుకుని ఉంటే ఈ వ్యాసం రాయడానికి నేను ఉండేవాణ్ణి కాను.

కనుక "ప్రొపేనా, ఆయిలా?" అన్న ప్రశ్నే తప్పు అని నేను గట్టిగా వాదిస్తాను. అడగవలసిన మొదటి ప్రశ్న ఒక్కటే: మండగా వచ్చిన వాయువు గదిలోనే ఉంటుందా, బయటికి పోతుందా?

ఒక రాత్రి లెక్క

హీటరు పెట్టెల మీద బీటీయూ అని ఒక కొలమానం ఉంటుంది. పది వేల బీటీయూ అంటే సుమారు మూడు కిలోవాట్లు. చిన్న క్యాబిన్‌కు కొనేది దాదాపు ఆ స్థాయి హీటరే. ఎనిమిది గంటలు నడిస్తే అది సుమారు 1.7 కిలోల ప్రొపేన్‌ను మండిస్తుంది. రసాయనశాస్త్రం చెప్పే ప్రకారం, సంపూర్ణంగా మండినా సరే, దానికి ఆరు కిలోల ప్రాణవాయువు కావాలి. ఫలితంగా అయిదు కిలోల బొగ్గుపులుసు వాయువు, రెండున్నర కిలోలకు పైగా నీటి ఆవిరి పుడతాయి.

ఇప్పుడు గదిని చూద్దాం. రెండు వందల ఇరవై చదరపు అడుగుల గది, ఎనిమిది అడుగుల పైకప్పు: సుమారు 50 ఘనపు మీటర్లు. తొమ్మిది వేల అడుగుల ఎత్తున ఆ గదిలో ఉండే గాలి 45 కిలోలు. అందులో ప్రాణవాయువు పది కిలోలు. ఆ పదింటిలో ఆరు కిలోలను హీటరు అడుగుతోంది. గదిలో నలుగురు మనుషులు పడుకుని ఉన్నారు. ఏ గదీ సీసాకు బిరడా బిగించినట్లు ఉండదు, సందుల్లోంచి కొంత గాలి వస్తుంది, నిజమే. కానీ చలికని ఆ సందులను వెతికి వెతికి మూసేది మనమే కదా! పూర్తిగా మూసిన గదిలోనైతే గాలిలో ప్రాణవాయువు 21 శాతం నుంచి 18 శాతానికి పడిపోవడానికి రెండు గంటలు చాలు.

ప్రాణవాయువు తగ్గినకొద్దీ మంట అసంపూర్ణంగా మండుతుంది. అప్పుడు పుట్టేదే కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు, దగ్గు రాదు. హీమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటే 200 నుంచి 250 రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. పీల్చే గాలిలో వెయ్యో వంతు ఉంటే చాలు, కాలక్రమాన రక్తంలోని హీమోగ్లోబిన్‌లో దాదాపు సగాన్ని ఆక్రమించగలదు. మిగిలిన హీమోగ్లోబిన్ కూడా తాను మోస్తున్న ప్రాణవాయువును కణజాలానికి సులభంగా వదలదు. గుండె, మెదడు ముందుగా దెబ్బతింటాయి.

మరి నా ఆక్సిమీటరు ఎందుకు మోసం చేసింది? అది రక్తపు రంగును చూసి అంకె చెబుతుంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హీమోగ్లోబిన్ కూడా ఎర్రగానే ఉంటుంది కనుక దానిని ప్రాణవాయువు పట్టినదిగానే లెక్కిస్తుంది. విద్యార్థులకు ఈ సంగతి నేనే ఎన్నోసార్లు బోధించాను. చలిలో, సెలవు మత్తులో, ఆ పాఠం నాకే గుర్తుకు రాలేదు.

వినిపించే సాకులు

ఈ హీటర్లను సమర్థించేవారు చెప్పే మాటలు నాకు కంఠతా వచ్చాయి. ఒక్కొక్కటిగా చూద్దాం.

"మంట నీలంగా ఉంటే ప్రమాదం లేదు." పసుపు మంట చెడ్డ గుర్తే. కానీ నీలిమంట అభయహస్తం కాదు. అది వెలిగించిన క్షణపు స్థితిని చెబుతుంది. తెల్లవారుజామున మూడు గంటలకు గదిలో గాలి ఎలా ఉంటుందో చెప్పదు. ఆ వేళ మంట రంగును చూడడానికి ఎవరు మేల్కొని ఉంటారు?

"ఇందులో ప్రాణవాయువు తగ్గితే ఆరిపోయే పరికరం ఉంది." ఉంది, ఉండడం మంచిదే. అది ప్రాణవాయువు సుమారు 18 శాతానికి తగ్గినప్పుడు గ్యాసును ఆపుతుంది. కానీ అది కార్బన్ మోనాక్సైడ్‌ను కొలవదు. దుమ్ము పట్టి, బర్నరు చెడి, ప్రాణవాయువు సరిపడా ఉన్నప్పుడే విషవాయువు పుడితే దానికి తెలియదు. పైగా ఏడు వేల అడుగులు దాటిన చోట్ల పలుచని గాలి వల్ల ఈ పరికరం మాటిమాటికీ హీటరును ఆర్పివేస్తుంది. విసిగిపోయిన మనిషి ఆ పరికరాన్నే పనిచేయకుండా చేస్తాడు. కాపలా కుక్క మొరుగుతోందని దాని మూతి కట్టడం వంటిదే ఇది.

"కిటికీ అంగుళం తెరిచి పెడితే సరి." నిజంగా తెరిచి ఉంచేదెవరు? అర్ధరాత్రి మైనస్ 15 డిగ్రీల గాలి పసిపిల్ల పక్క మీద పడుతుంటే ఆ తల్లి లేచి కిటికీ మూస్తుంది. ఏ తల్లయినా అదే చేస్తుంది. మనిషి సహజ స్వభావానికి విరుద్ధంగా ప్రవర్తిస్తేనే భద్రంగా ఉండే వస్తువు భద్రమైన వస్తువు కాదు. పైగా పొగగొట్టం అక్కరలేదని అమ్మి, కిటికీ తెరవమని చెప్పడమంటే, ఆ కిటికీనే పొగగొట్టంగా వాడుకోమని చెప్పడమే కదా!

"అలారం పెట్టుకున్నాం, చాలదా?" అలారం తప్పనిసరి, కానీ అది చివరి కాపలా, మొదటిది కాదు. అమెరికాలో ఇళ్ల అలారాలకున్న ప్రమాణం ప్రకారం, గాలిలో పది లక్షలకు 70 వంతుల కార్బన్ మోనాక్సైడ్ ఉంటే గంట నుంచి నాలుగు గంటల్లోపు మోగితే చాలు. 150 వంతులకు 10 నుంచి 50 నిమిషాలు. 400 వంతులకు 4 నుంచి 15 నిమిషాలు. దానికంటే తక్కువ మోతాదులో అది మౌనంగానే ఉంటుంది. ఎనిమిది గంటల పాటు పీల్చే గాలిలో దాదాపు తొమ్మిది వంతులు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. గర్భిణికి, గుండెజబ్బు ఉన్నవారికి, పసిబిడ్డకు ఈ రెండు అంకెల మధ్య దూరమే ప్రమాదం. బ్రిటన్ బొగ్గుగనుల్లో విషవాయువును పసిగట్టడానికి కెనరీ పిట్టలను 1986 దాకా వెంట తీసుకువెళ్లేవారు. పిట్ట వెంట ఉన్నది కదా అని పొగ నిండిన గనిలో ఎవరూ పక్క పరుచుకోలేదు.

"లక్షల మంది వాడుతున్నారు, అందరూ చచ్చిపోయారా?" లేదు. హెల్మెట్ లేకుండా బండి నడిపేవారిలో ఎక్కువమంది సాయంత్రానికి ఇంటికి చేరుతారు. అది హెల్మెట్ అనవసరమని రుజువు చేయదు. కాలిఫోర్నియా రాష్ట్రం పొగగొట్టం లేని గ్యాస్ హీటర్లను నివాసాలలో నిషేధించింది. అది చలి తెలియనివారు చేసిన చట్టం కాదు; సియెర్రా నెవాడా మంచుకొండలు ఆ రాష్ట్రంలోనివే.

2020 జనవరిలో నేపాల్‌లోని దామన్ అనే కొండ విడిదిలో జరిగినదానిని గుర్తు చేసుకోండి. కేరళకు చెందిన యాత్రికులు ఎనిమిదిమంది, వారిలో నలుగురు చిన్నారులు, ఒకే గదిలో గ్యాస్ హీటరు వెలిగించి, తలుపులు కిటికీలు మూసి పడుకున్నారు. ఉదయం ఎవరూ లేవలేదు. ఖాట్మండుకు హెలికాప్టరులో చేర్చినా ఒక్కరూ దక్కలేదు. వారు అజ్ఞానులు కారు, నిర్లక్ష్యపరులు కారు. చలికి వణుకుతున్న పిల్లలను వెచ్చగా ఉంచాలనుకున్న తల్లిదండ్రులు.

ఇక ప్రొపేనా, ఆయిలా?

పొగ బయటికి పోవాలన్న నియమం ఒప్పుకున్నాక ఈ ప్రశ్నకు అర్థం వస్తుంది. ఒక స్పష్టీకరణ: మన దేశంలో "ఆయిల్ హీటరు" అంటే లోపల నూనె నింపిన కరెంటు హీటరు. దానిలో నూనె మండదు, విషవాయువూ పుట్టదు. కరెంటు ఉన్నచోట అంతకంటే నిరపాయమైనది లేదు. ఇక్కడ నేను చెబుతున్నది కిరసనాయిలు లేదా డీజిలు మండించే హీటరు గురించి.

అప్పుడప్పుడు వెళ్లే క్యాబిన్‌కు నా ఓటు ప్రొపేన్‌కే, అదీ గోడ గుండా బయటి గాలినే పీల్చుకుని బయటికే పొగను వదిలే రకానికి. దీనిని అక్కడ డైరెక్ట్ వెంట్ అంటారు. మండే గది అద్దంతో, ఇనుముతో మూసి ఉంటుంది. ఇంట్లోని గాలితో దానికి సంబంధమే ఉండదు. వీటిలో కొన్నింటికి కరెంటు అక్కరలేదు. వెలిగే చిన్న దీపపు వేడినుంచే కవాటం నడవడానికి చాలినంత విద్యుత్తు పుడుతుంది. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దాకా ఆవిరి అవుతూనే ఉంటుంది. నెలల తరబడి సిలిండరులో ఉన్నా పాడవదు. బ్యూటేన్ అలా కాదు, సున్నా డిగ్రీల దగ్గరే మొరాయిస్తుంది. అందుకే మన వంటగ్యాసు వంటి మిశ్రమం అక్కడి చలికి పనికిరాదు. ప్రొపేన్‌కు ఉన్న దోషం, గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు కావడం. కారితే నేలబారున చేరి నిప్పురవ్వ కోసం కాచుకుంటుంది. కనుక సిలిండరు ఎప్పుడూ ఇంటి బయటే ఉండాలి. గ్యాసు లీకును పసిగట్టే అలారం నేలకు దగ్గరగా ఉండాలి.

చలికాలమంతా అక్కడే నివసించేవారికి ఆయిల్ మేలు కావచ్చు. లీటరుకు లీటరు చూస్తే కిరసనాయిలులో ప్రొపేన్ కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు వేడి ఉన్నది. మంచులో గ్యాసు లారీ రాలేని చోటికి డబ్బాలలో మోసుకుపోవచ్చు. అలాస్కాలో జపాను వారి టొయోటోమి హీటర్లు ఇంటింటా కనబడడానికి కారణం ఇదే. అవి కూడా గోడ గుండా పొగను బయటికి పంపేవే. కానీ వాటికి కొద్దిపాటి కరెంటు కావాలి. సాధారణ డీజిలు అయితే మైనస్ 10 డిగ్రీల దరిదాపుల్లో మైనం కట్టడం మొదలుపెడుతుంది. అటువంటి చోట కిరసనాయిలే గతి. వాహనాల కోసం చేసిన చిన్న డీజిలు హీటర్లను క్యాబిన్‌లలో బిగించేవారు పొగగొట్టపు అతుకులన్నీ గోడకు ఆవలే ఉండేటట్లు చూసుకోవాలి. ఒక వదులు అతుకు ఇంటి లోపల ఉంటే దానికి పొగగొట్టం ఉన్నా లేనట్లే.

ఏది కొన్నా, గోడ బయటి రంధ్రం మంచుమట్టానికి పైన ఉండాలి. మంచు కురిసిన ప్రతిసారీ దానిని వెళ్లి చూడాలి. ఏడాదికొకసారి తెలిసినవారి చేత పరీక్ష చేయించాలి. ఇల్లు అలకగానే పండగ కాదు.

ఖర్చు మాట దాచను. గొట్టం లేనిది నూరు డాలర్లకు అటూ ఇటూ దొరుకుతుంది. గోడ గుండా పొగ పోయేది, బిగింపు కూలీతో కలిపి, దానికి అనేక రెట్లు. కానీ ఆ క్యాబిన్‌కు చెక్కనేల వేయడానికి, కిటికీ తెరలకు వెచ్చించినదానితో పోల్చి చూడండి. గొట్టం లేని హీటరును నేను పూర్తిగా కొట్టివేయడం లేదు. తలుపు తెరిచి ఉన్న షెడ్డులో, మేల్కొని పని చేసుకుంటున్న గంటసేపు, దానికి చోటు ఉంది. నిద్రించే గదిలో లేదు. దానిని నిద్రించే గదికి తగినదన్నట్లు అమ్మేవారిని నేను తప్పుపడుతున్నాను. చవక కదా అని కొనేవారినీ తప్పుపడుతున్నాను.

మన ఊళ్లకూ ఇదే మాట

ఇదంతా పరదేశపు గోల అనుకోకండి. శీతకాలంలో లంబసింగి చలి చూడడానికి వెళ్లి, గుడారంలోకో గదిలోకో బొగ్గుల కుంపటి తెచ్చుకుని తలుపు వేసుకునేవారు మనలోనూ ఉన్నారు. బాలింత గదిలో కుంపటి పెట్టి కిటికీలు మూసే అలవాటు ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. మంట లేకుండా కణకణలాడే బొగ్గు ప్రొపేన్ కంటే ఎక్కువ కార్బన్ మోనాక్సైడ్‌నిస్తుంది. చలిమంట ఆరుబయటే కాచుకోవాలి. గదిలోకి రగ్గు తీసుకువెళ్లండి, నిప్పును కాదు.

చివరిగా వైద్యుడిగా నాలుగు మాటలు. ఇంట్లో ఒకేసారి పలువురికి తలనొప్పి, వికారం, తల తిరుగుడు వచ్చి, జ్వరం లేకపోతే, బయటికి వెళ్తే తగ్గుతుంటే, దానిని ఎత్తుకో ఫ్లూకో అంటగట్టకండి. ముందు మనుషులందరినీ బయటికి తీసుకురండి, తరువాతే కారణం వెతకండి. తగ్గింది కదా అని ఆసుపత్రికి వెళ్లడం మానకండి. మామూలు గాలిలో ఈ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. సంపూర్ణ ప్రాణవాయువు ఇస్తే గంటన్నర లోపే. ఆక్సిమీటరు అంకెను నమ్మి ఊరుకోకండి, రక్తపరీక్ష అడగండి. గర్భిణులను తప్పనిసరిగా చూపించండి. కోలుకున్నట్లు కనిపించినవారిలో కూడా కొన్ని రోజులకో వారాలకో మతిమరుపు, నడకలో తేడా కనిపించవచ్చు. అప్పుడు ఈ సంగతి డాక్టరుకు చెప్పండి.

అల్లుడుగారికి నేనిచ్చిన జవాబు చిన్నదే. "ఏ ఇంధనమైనా సరే, పొగగొట్టం గోడ దాటి బయటికి పోయిందని ఫోటో తీసి పంపండి. ఆ తరువాతే నా మనవరాలిని అక్కడ పడుకోబెట్టండి" అన్నాను. పోయిన వారం ఫోటో వచ్చింది. గోడ బయట, మంచుకు మూడడుగుల పైన, చిన్న ఇనుప గొట్టం. అంత అందమైన దృశ్యం ఆ కొండల్లో నేను మరొకటి చూడలేదు.